టేపు చుట్టిన వైరు

"మా ఆవిడేనండీ. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా అని తీసుకొచ్చా," అన్నాడు మా ఆయన పానకాలు. నేనెవరని అప్పుడే అడిగారు ఆ ఇంటి యజమాని, శ్యామలాంబ టీచరుగారు.

పొద్దున నాలుగున్నరకే లేచి అన్నం, పప్పు వండి, అత్తగారి మోకాళ్ళకి నూనె రాసి, పిల్లకి జడేసి బడికి పంపి, ఎనిమిదింటికి బండి మీద ఆయన వెనకాల కటింగ్ మిషన్ ఒళ్ళో పెట్టుకుని వచ్చినదాన్ని. అయినా ఆయన దృష్టిలో నేను ఖాళీగానే ఉంటాను. ఒంగోలులో కొత్త ఇళ్ళకి వంటగట్లకీ మెట్లకీ గ్రానైట్ రాళ్ళు కోసి పరచడం ఆయన పని. ఆయన కోస్తుంటే రాయి కదలకుండా పట్టుకోవడం, బ్లేడు వేడెక్కకుండా సీసాతో నీళ్ళు పోయడం, ముక్కలు ఏరి బయట పోయడం నావి. ఆరేళ్ళుగా చేస్తున్నాను. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకోవు, అన్నం కలపడానికి కూడా రావు. ఓసారి ఆ మాటంటే "పట్టుకోడమేగా, దానికే నొప్పులా?" అని నవ్వాడు.

పెళ్ళికి ముందు నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాను. మొత్తం క్లాసులో ఇద్దరమే ఆడపిల్లలం. కాపురానికొచ్చిన కొత్తలో ఆగిపోయిన ఫ్యాను బాగుచేస్తే మా అత్తగారు అంకమ్మ "మగాళ్ళు లేని కొంపా ఇది?" అంది. ఆ తర్వాత నేను ఇంట్లో స్క్రూడ్రైవర్ ముట్టలేదు. కానీ చదివింది ఎక్కడికి పోతుంది? ఆయన మిషన్ చూసినప్పుడల్లా నా కళ్ళు దాని లోపాల మీదికే పోయేవి. చెయ్యి తగలకుండా బ్లేడు మీద ఉండాల్సిన గార్డు, కోసే గీత కనపడనీయడం లేదని ఊడదీసి అవతల పారేశాడు. రెండు నెలల కిందట వైరు బ్లేడు కిందే పడి తెగితే, అతుకు వేసి టేపు చుట్టాడు. ప్లగ్గు విరిగితే కొత్తది కొనలేదు, వైరు కొసలు నేరుగా బోర్డులో దూర్చి అగ్గిపుల్లలు బిగిస్తాడు. మార్చమన్నప్పుడల్లా ఒకటే మాట. "ఇరవై ఏళ్ళ నుంచి కోస్తున్నా. నువ్వా నాకు చెప్పేది?"

ఆ రోజు సింకు కోసం రాయి మధ్యలో కోయాలి. మేడ మీద ఎండబెట్టిన మిరపకాయల ఘాటు కిందికి దిగి ఇద్దరికీ ఒకటే తుమ్ములు. నేను రాయి మీదికి వంగి నీళ్ళు పోస్తున్నాను. రాతిపొడి కలిసిన నీళ్ళు తెల్లటి బురదలా జారి, నేల మీద ఒక్కో అంగుళమే వైరు వైపు పోతున్నాయి. టేపు ఒకవైపు ఊడి లేచి ఉంది.

"ఏవండీ, వైరు తడుస్తోంది. ఒక్క నిమిషం ఆపండి."

"సగంలో ఆపితే రాయి పగుల్తది. నోరు మూసుకుని గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. నీళ్ళు టేపుని చేరాయి. కోత ఒకవైపు పూర్తయ్యాక ఆయన మిషన్ ఆపి, ఇటు తిరగబోతూ అడ్డొచ్చిన వైరుని ఎడంచేత్తో అందుకున్నాడు. సరిగ్గా అతుకు దగ్గర. మిషన్ ఆగింది గానీ వైరులో కరెంటు ఆగలేదు.

నోరు తెరిచాడు, మాట రాలేదు. పిడికిలి వైరు చుట్టూ బిగుసుకుపోయింది. భుజం నుంచి మెడ దాకా నరాలు లేచాయి. నా చెయ్యి దానంతటదే ఆయన వైపు చాచుకుంది. ముట్టుకుంటే ఇద్దరం పోతామని ఎక్కడో లోపల ఐటీఐలో మా సారు గొంతు అరిచింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ లాక్కోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. తడి లేని వైపు నుంచి గోడ దగ్గరికి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాను. నాకు భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. చెప్పాను కదా, చెప్పాను కదా అని.

ఆయన వెల్లకిలా పడ్డాడు. ఊపిరి ఆడుతోంది. అరచెయ్యి కాలి తెల్లబడింది. చప్పుడు విని టీచరుగారు పరుగున వచ్చారు.

"ఏమైందయ్యా?"

"ఏం లేదండీ... కాలు జారింది," అన్నాడు, నావైపు చూడకుండా.

ఆసుపత్రికి పోదామని దారంతా బతిమాలాను. "చిన్న చురక, దీనికి కూడానా?" అన్నాడు. ఇంటికొచ్చాక అత్తగారు ఆ చెయ్యి చూసి గుండెలు బాదుకుంది. "పక్కనే ఉండి ఏం చేస్తున్నావే? నీళ్ళు చూసి పోయొద్దా?" ఆయన ఉన్నాడు అక్కడే, విన్నాడు. నేను బతికించానని చెప్పమని కాదు, దాని తప్పేం లేదమ్మా అనైనా అంటాడేమోనని చూశాను. ఆయన మంచం మీద ఒరిగి, "రేపు పొద్దున్నే పోవాలి. దార్లో కొత్త టేపు కొందాం," అన్నాడు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. టీచరుగారు. ఆయన కుడిచెయ్యి చాచేలోపే నేను తీశాను.

"అమ్మాయ్, మీ ఆయనకి ఎట్లా ఉంది? కాలు వాచిందా?"

బాగానే ఉందని చెప్పమని ఆయన సైగ చేస్తున్నాడు.

"కాలు జారలేదండీ. కరెంటు కొట్టింది," అన్నాను. "వైరు అతుకు దగ్గర పట్టుకున్నారు. ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. రేపు మేం రావడం లేదు. అతుకు లేని వైరు వేసి, గార్డు బిగించాలి. షాక్ కొడితే దానంతటదే పడిపోయే స్విచ్ మీ బోర్డుకి పెట్టించాలి. అవన్నీ నేను చూసుకున్నాకే మళ్ళీ వస్తాం."

"అట్లాగేనమ్మా. ముందు మనిషిని చూపించు," అన్నారావిడ.

ఫోను పెట్టేసరికి అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "మొగుడి పని ఆపేస్తావుటే నువ్వు?"

"నేను లేకుండా జరిగే పనైతే చేసుకోమనండి, అత్తయ్యా. నేను మాత్రం ఆ రాయి పట్టుకోను."

ఆయన కాలిన అరచెయ్యి ఓసారి చూసుకున్నాడు. తర్వాత లేచి, చొక్కా అందుకుని ఎడంచెయ్యి దూర్చబోయి, దూర్చలేక నావైపు చూశాడు. చొక్కా పట్టుకున్నాను. గుండీలు మాత్రం ఆయన్నే పెట్టుకోమన్నాను. కుడిచేత్తో ఒక్కొక్కటే, వంకరటింకరగా పెట్టుకున్నాడు.