నడుమ గుంజ లెక్క

నేను మిర్చి వ్యాపారిని. లాభనష్టాలు చూసుకున్నాకే ఏ పనికైనా చెయ్యి పెడతాను. ఆరోజు జూలూరుపాడు కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది, దుమ్ముగూడెం దిక్కున మబ్బు నల్లబడుతోంది. చేతిలో ఉన్నవి రెండు వరుసలకు ఏడేసి వెదురు గుంజలు. అదనంగా ఒక్కటి లేదు. ఒకటి పొట్టిగా కోస్తే పందిరి లేదు, మిర్చీ లేదు.

పందిరి కట్టే పగిడయ్య, "నడుమ గుంజ పదహారడుగులు సేటూ. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పోతే పైన కప్పే పట్టా మేకుల కాడ నేల తగలాలె" అని చెప్పి తాళ్ల కోసం వెళ్లాడు.

పదో తరగతి చదివే నా బిడ్డ లిఖిత అట్ట మీద రాసింది: ఎత్తు = 16 − ¼(x − 8)².

"x అంటే మొదటి మేకు నుంచి దూరం నాన్నా. ఇది శీర్ష రూపం. నడుమ ఎంత ఎత్తో చూడంగనే తెలుస్తది."

"నాకు మేకు కాడి నుంచి సూటి లెక్క కావాలె. బ్రాకెట్ నేనిప్పుత."

సరుకు వేరుగా, గోనెసంచి వేరుగా తూచి కూడే అలవాటు నాది. అలాగే x వర్గం, ఎనిమిది వర్గం కలిపేశాను. రెండడుగుల దగ్గర ఎత్తు మైనస్ ఒకటి వచ్చింది.

"గుంజ భూమిలకు దిగింది! మిర్చిని పాతిపెడ్తవా ఏంది?"

"రంపం పట్టినోనితోని పరాచికాలా? తప్పెక్కడ?"

"ఒకదాన్నొకటి గుణించుకుంటయి నాన్నా, అదీ రెండుసార్లు. నడిమి పదహారు x మింగినవ్."

తనే మళ్లీ ఇప్పింది: x² − 16x + 64. అందులో పావు వంతును పదహారులోంచి తీసింది. పదహారుకు పదహారు పోయి 4x − ¼x² మిగిలింది. "ఇది ప్రామాణిక రూపం. సున్నా పెట్టి చూడు."

సున్నా దగ్గర ఎత్తు సున్నా. శిఖరం నుంచి బయల్దేరిన లెక్క మేకు దగ్గరకు వచ్చి నా కాళ్ల ముందు నిలబడింది.

రెండేసి అడుగులకు ఎత్తు లెక్క కట్టాను: ఏడు, పన్నెండు, పదిహేను, పదహారు, మళ్లీ పదిహేను, పన్నెండు, ఏడు. గుంజల మీద బొగ్గు గీతలు పెట్టాను. కోయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

అంతలో పగిడయ్య వచ్చాడు. మా అట్ట చూడలేదు. గుంజలన్నీ నడుమ గుంజ పక్కన వరుసగా పరిచి, అడుగు పుల్లతో పైనుంచి కిందికి కొలిచాడు. "ఒకటి దించాలె. ఇంక మూడు. ఇంకో అయిదు. ఏడు దించితే నేల." ప్రతిసారీ అతను కత్తితో పెట్టిన గాటు నా బొగ్గు గీత మీదే పడింది.

"ఎవరు నేర్పిండ్రు పగిడయ్యా?"

"మా అయ్య గట్లనే దించేటోడు. ఏం సేటూ, తప్పా?"

లిఖిత అట్టను, అతని గాట్లను మార్చి మార్చి చూసింది.

"కోయి," అన్నాను.

చివరి ముడి పడుతుండగా వాన మొదలైంది. నీళ్లు పట్టా నడుమ నుంచి రెండు దిక్కులకూ సమానంగా జారి మేకుల దగ్గర నేల తాకాయి. లోపల మిర్చి పొడిగా ఉంది. నేను మిర్చిని చూసుకోవడం మరిచి, తడుస్తూ ఆ వంపునే చూస్తూ నిలబడ్డాను.