కరవని బూట్లు

ఢిల్లీ ప్రయాణం ఇంకా నెల రోజులుందనగా షాహనా తల్లిని వెంటబెట్టుకుని ముత్తుకూరు నుంచి నెల్లూరు బస్సెక్కింది. బూట్లు కొనడానికి. షాహనాది కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక సరుకు రవాణా ఆఫీసులో ఉద్యోగం. అమ్మ ఎప్పుడూ చెన్నై దాటి ఎరగదని దసరా సెలవులకు ఇద్దరికీ టికెట్లు తీసింది. ఎర్రకోట, చాందినీ చౌక్, కుతుబ్ మినార్, దర్గా. అంతా నడకే.

నూర్జాన్‌కు యాభై దాటాయి. ఊహ తెలిసినప్పటి నుంచి కాళ్లకు వేసుకున్నవి రబ్బరు చెప్పులే. పెళ్లిళ్లకైతే ముత్యాలు కుట్టిన పట్టీల చెప్పులు. బూట్లంటే బడిపిల్లలు వేసుకునేవని ఆమె లెక్క. అందుకే ట్రంకు రోడ్డులోని ఆ కొట్లో అద్దం ముందు కూర్చోగానే కాస్త సిగ్గుపడింది, కాస్త మురిసిపోయింది కూడా.

షాహనా బూడిదరంగు జత ఒకటి ముందు పెట్టింది. "ఇయ్యి చూడుమా. ముందర వెడల్పుగా ఉండాయి. పొద్దస్తమానం తిరిగినా వేళ్లు ఒరుసుకోవు."

"పడవల మాదిరి ఉండాయి. ఇయ్యేసుకోని ఎర్రకోట కాడ ఫోటో దిగాల్నా?" అని నూర్జాన్ వాటిని పక్కకు నెట్టేసింది.

ఆమె కన్ను మెరూన్ రంగు జత మీద పడింది. ముందు మొనదేలి ఉంది. పక్కన బంగారు దారంతో చిన్న పువ్వు కుట్టి ఉంది. తన కొత్త చీరకు సరిగ్గా సరిపోయే రంగు. వేసుకుని కొట్టు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి అద్దంలో తిరిగి చూసుకుంది.

షాహనా వంగి బొటనవేలితో బూటు ముందుభాగం నొక్కింది. "వేలు కొసకు తగల్తా ఉందిమా. కరవడంలా?"

"ఏం కరవడంలే. దూది మీద నడిచినట్టుంది."

"నిజంగా?"

"నా కాలి సంగతి నాకు తెలీదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఏమీ కరవలేదు. అంతకుముందు వేసి చూసిన చిన్న సైజు జత కూడా కరవలేదు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. ఏడాదిగా అరికాళ్లు మొద్దుబారినట్టు, ఎప్పుడూ మేజోళ్లు వేసుకునే ఉన్నట్టు అనిపిస్తోంది. వయసు మళ్లితే అంతేనేమో అనుకుని ఆమె ఎవరితోనూ అనలేదు. మెరూన్ బూట్లే కొన్నారు.

కొత్త బూట్లు ప్రయాణానికి ముందే కాళ్లకు అలవాటు చేసుకోవాలని షాహనా చెప్పింది. నూర్జాన్ పొద్దున నమాజు కాగానే చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి దోపుకుని బూట్లు తొడుక్కుని పోర్టు రోడ్డు వెంబడి నడక మొదలుపెట్టింది. బొగ్గు లారీలు పోతుండేవి. పవర్ ప్లాంటు గొట్టాల మీద ఎర్ర దీపాలు ఇంకా వెలుగుతుండేవి. వాగు వంతెన దాకా వెళ్లి, ఉప్పుగాలి పీల్చి, తిరిగొచ్చేది. ఎదురైనవాళ్లు "ఏందక్కా, ఢిల్లీకి నడిచే పోతా ఉండావా?" అంటే నవ్వేది.

ఒకరోజు అలాగే తిరిగొచ్చి, గడపలో బూట్లు విప్పి, వంటింట్లోకి పోయి టీ పెట్టింది. గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి రాబోతూ ఆగిపోయింది.

గచ్చు మీద అడుగులు. ఎర్రటి అడుగులు. గడప దగ్గర మొదలై, గది దాటి, వంటింట్లోకి, తను నిలబడ్డ చోటికే వచ్చాయి. అన్నీ కుడికాలివే.

ముందు ఎవరో ఇంట్లోకి వచ్చారనుకుంది. పొయ్యి పక్కకూ, తలుపు వెనక్కూ చూసింది. ఆ తర్వాత కిందికి చూసుకుంది.

పీట మీద కూలబడి కాలు పైకి తిప్పింది. బొటనవేలి కింద గుంట పడి నెత్తురు కారుతోంది. దేక్కుంటూ పోయి బూటులో చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. లోపలి మెత్తలో విరిగిన సూది ముక్క నిలువుగా నాటుకుని ఉంది. పరుపులు కుట్టే లావు సూది. భర్త సైదావలిది పరుపుల కొట్టు, ఇంటి ముందు గదిలోనే. బూట్లు అక్కడే దూది బస్తా పక్కన పెడుతోంది. ఎప్పుడో సూది విరిగి అందులో పడి ఉంటుంది.

చేతివేలికి గుచ్చుకుంటే ఒక్క క్షణంలో తెలిసింది. అరికాల్లో దిగబడితే వంతెన దాకా పోయి వచ్చింది.

నెత్తురు చూసి కాదు ఆమె భయపడింది. నొప్పి లేనందుకు భయపడింది. గోరుతో గాయం అంచును నొక్కింది. ఏమీ లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. పక్కవాళ్ల కాలు నొక్కినట్టుంది.

అన్న తహీర్ గుర్తొచ్చాడు. అతనికీ షుగరే. చెప్పు ఒరిసి లేచిన చిన్న బొబ్బతోనే మొదలైంది. మొదట వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. కట్లు మార్చింది తనే. ఆ వాసన ఆమె ముక్కులో నుంచి ఇప్పటికీ పోలేదు. పోయేముందు తహీర్ లేని కాలు గోక్కోబోయి దుప్పటిని గోకేవాడు.

సైదావలి బజారు నుంచి రాకముందే గుడ్డ తడిపి గచ్చంతా తుడిచింది. గాయానికి పసుపు అద్ది, పాత చీరపేలిక చుట్టి, పైన మేజోళ్లు వేసింది. డాక్టరు దగ్గరికి పోతే కోసేస్తారు. పోకపోతే అదే మానుతుంది. ఇదే మాట మనసులో చెప్పుకుంటూ తిరిగింది. రోజూ తలుపు గడియ పెట్టుకుని కట్టు విప్పి చూసుకునేది. చుట్టూ ఎరుపు కొంచెం కొంచెంగా పాకుతోంది. కట్టు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. అన్నం సహించలేదు.

"నేను ఢిల్లీకి రాను. టికెట్లు క్యాన్సిలు చేసెయ్," అంది ఒక సాయంత్రం.

షాహనా తెల్లబోయింది. "ఎందుకుమా? రోజూ నడస్తానే ఉండావు గదా?"

"నాకిష్టంలేదు. ఎందుకని అడగబాక."

"మరి ఈ ఉక్కలో మేజోళ్లెందుకేసుకున్నావు?"

"చలి."

చెమటతో తడిసిన తల్లి మెడను చూసింది షాహనా. కింద కూర్చుని తల్లి కుడికాలిని ఒళ్లోకి తీసుకుంది. నూర్జాన్ లాక్కోబోయింది. కూతురు వదల్లేదు. మేజోడు, పేలిక విప్పేసరికి పుండు, దాని చుట్టూ పాకిన ఎరుపు బయటపడ్డాయి. కొట్టులో నుంచి తొంగి చూసిన సైదావలి చేతిలో పరుపుగుడ్డ జారిపోయింది.

"తహీరన్నకు అయినట్టే అయితాదే," అంది నూర్జాన్ చిన్నపిల్లలా. "నన్ను తీసకపోబాకండి. కోసేస్తారే."

"తీసకపోకుంటేనే కోసేస్తారుమా," అంది షాహనా. తల్లి పక్కనే కూర్చుని ఆమె కొంగుతోనే ఇద్దరి కళ్లూ తుడిచింది.

మరుసటి ఉదయం నెల్లూరు ఆస్పత్రిలో ఎలిశబెతు అనే నర్సు గాయం కడిగింది. ఆ తర్వాత వచ్చిన డాక్టరమ్మ ఒక సన్నటి నైలాను పోగు చూపించింది. "కళ్లు మూసుకోండమ్మా. ఇది తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి."

నూర్జాన్ కళ్లు మూసుకుంది. కాలి మడమ మీద పోగు ఆనింది. "తగిలింది." మడమ పక్కన. "తగిలింది." ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె ఎదురుచూసింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. షాహనా గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది.

"ఆపేశారేం డాక్టరమ్మా?" అంటూ కళ్లు తెరిచింది.

పోగు ఆమె బొటనవేలి మీద విల్లులా వంగి ఉంది.

ఆ క్షణంలో కలిగిన భయం గచ్చు మీద అడుగులు చూసినప్పటి కంటే పెద్దది. తన కాలు తనకు తెలియకుండా ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమె మంచం అంచు పట్టుకుంది.

"పుండు లోతుకు పోలేదు. ఎముకకు ఏం కాలేదు. మందులతో మానుతుంది," అని డాక్టరమ్మ చెప్పింది. "ఇంకో వారం ఆలస్యమయితే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని. స్పర్శ మాత్రం తిరిగి రాదమ్మా. ఇకమీదట మీ కాళ్ల నొప్పి మీ కళ్లకే తెలియాలి. రోజూ చూసుకోండి. బూట్లు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టండి. ఉత్త కాళ్లతో అడుగు వెయ్యొద్దు."

పుండు మానడానికి నెలలు పట్టింది. సైదావలి పాత స్పీకరులోని అయస్కాంతం తాడుకు కట్టి రోజూ కొట్టు ముయ్యగానే సూది ముక్కల కోసం నేలంతా ఈడ్చేవాడు.

షాహనా టికెట్లు జనవరికి మార్చింది. ఈసారి బూట్లు కొనేటప్పుడు నూర్జాన్ కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీయించుకుంది. ఏ బూటు ఆ గీత కంటే సన్నగా ఉంటే దాన్ని అక్కడే వద్దంది. మందపాటి మేజోళ్లతో వేసుకుంది. లోపల కుట్లు తగులుతాయేమోనని కూతురు చెయ్యి పెట్టి తడిమింది. చివరికి నెమలిపచ్చ రంగు జత ఒకటి దొరికింది. ముందు వెడల్పు, పైన మెత్తటి తోలు, తాళ్లు. చీర కింద బాగానే కనిపించాయి. నూర్జాన్ అద్దం వైపు ఒక్కసారే చూసి, "అందంగా ఉండాయి," అంది. మళ్లీ, "కరస్తా ఉంటే నాకు తెలీదు. నువ్వే చూసి చెప్పాల," అంది.

ఢిల్లీలో పొగమంచు. చాందినీ చౌక్ సందుల్లో, ఎర్రకోట గోడల వెంట వాళ్లు మెల్లగా తిరిగారు. కాస్త దూరం పోగానే అరుగో మెట్టో చూసుకుని కూర్చోవడం, బూట్లు విప్పడం, షాహనా అరికాళ్లు చూడడం. పోయేవాళ్లు వింతగా చూస్తే మొదట్లో నూర్జాన్ కొంగు కప్పుకుంది. రెండోరోజుకు మానేసింది. భయం మాత్రం మానలేదు. బూటు విప్పే ప్రతిసారీ కూతురి ముఖమే చూస్తుండేది.

మూడోరోజు దర్గాలో బూట్లు బయట వదిలి, కొత్త తెల్ల మేజోళ్లతో లోపలికి వెళ్లారు. ఎక్కడ చూసినా గులాబీలు, అగరుపొగ, జనం. ప్రార్థన ముగించుకుని బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని కాలు తిప్పి చూసుకుంది. కుడి మేజోడు కింద ఎర్రటి మరక, రూపాయి బిళ్లంత.

కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. షాహనా మోకాళ్ల మీద కూర్చుని మేజోడు లాగింది. చర్మం శుభ్రంగా ఉంది. పాత మచ్చ తెల్లగా, పొడిగా ఉంది. మేజోడుకు నలిగిన గులాబీ రేక ఒకటి అతుక్కుని ఉంది.

"పువ్వుమా," అంది షాహనా. "పువ్వే."

నూర్జాన్ ఊపిరి వదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి ఎడమ కాలు కూడా ముందుకు చాపింది. "దీన్ని కూడా చూడు," అంది. "చూసినంక పోదాం. కుతుబ్ మినార్ చూడాల గదా."