ఆరువందల పన్నెండు కట్లు

కిరణ్ పాల్ చర్చిలో పాడితే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అంత తియ్యటి గొంతు. ఆ గొంతుతోనే "చెల్లీ" అని పిలుస్తూ తన ఎనిమిది నెలల కష్టాన్ని దొంగిలించాడని తెలిసిన రోజున దీవెనకు కడుపు భగ్గున మండింది. ఆ మంట ఆరడానికి మూడు వారాలు పట్టింది. ఎలా ఆరిందో చెబుతాను, వినండి.

1999 సంగతి ఇది. ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే కంపెనీ. ఆ కంపెనీ మాదాపూర్‌లో ఓ అద్దె మేడలో ఉండేది. పొద్దస్తమానం పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చే పని. చుట్టూ బండలు పేలుస్తుంటే కిటికీ అద్దాలు గలగలలాడేవి, తుడిచిన గంటకే కీబోర్డు మీద దుమ్ము పేరుకునేది. ఆ చాకిరీతో జనానికి పిచ్చెక్కకుండా మేనేజరు విశ్వేశ్వరరావు ఒక వెసులుబాటు ఇచ్చాడు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఆఫీసు కంప్యూటర్లలో ఆట ఆడుకోవచ్చు. కత్తులూ కోటలూ మృగాలూ ఉన్న ఆట. ఎవరి పాత్ర వారి ఫ్లాపీలో, వారి పాస్‌వర్డుతో ఉంటుంది, ఫ్లాపీలన్నీ ఒకే డ్రాయరులో ఉంటాయి.

ఆ ఆటలో పాత్ర ఎదగడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మృగాలను చంపితే మార్కులు వస్తాయి. దారిలో పడి ఉన్న క్షతగాత్రులకు కట్లు కట్టినా వస్తాయి, కాకపోతే చాలా తక్కువ. మార్కులు పోగయ్యేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌కు మూడు పాయింట్లు ఇస్తారు. వాటిని బలానికి పెట్టుకుంటావో, వేగానికో, రొప్పకుండా పరుగెత్తే దమ్ముకో, నీ ఇష్టం. ఇక కట్టు కట్టడం, రాయి విసరడం వంటి పనితనాలు మాత్రం పాయింట్లతో రావు. చేసిన కొద్దీ పెరుగుతాయి, అంతే.

కిరణ్ పాల్ ఒకే గుంట దగ్గర కూర్చుని ఒకే రకం కప్పలను వందలకొద్దీ చంపే రకం. వచ్చిన ప్రతి పాయింటూ ఆ క్షణమే బలానికి. "బలం ఉంటే అన్నీ ఉన్నట్టే చెల్లీ" అనేవాడు. దీవెనకు ఆ పద్ధతి చూస్తేనే చిరాకు. "చేసిన పనిని బట్టే మనిషి తయారవ్వాలి అన్నయ్యా. కప్పల్ని చంపితే కప్పల్ని చంపేవాడే తయారవుతాడు" అనేది. ఆమె తన పాత్రకు అమ్మ పేరు పెట్టుకుంది, మార్త అని. వాళ్ళమ్మ మార్తమ్మ ముప్ఫై ఏళ్ళుగా నర్సు. ఆటలోని మార్త కూడా ఎవరినీ వెంటాడేది కాదు, పరుగెత్తేది కాదు. నింపాదిగా నడుస్తూ కనబడిన వాళ్ళకల్లా కట్లు కట్టుకుంటూ పోయేది. అలా ఎనిమిది నెలల్లో నలభై ఒకటో లెవెల్ చేరింది. చివరి పది లెవెళ్ళ పాయింట్లు ముప్ఫై దీవెన ముట్టుకోకుండా దాచింది. ఏ అవసరం వస్తుందో తెలిశాకే వాడాలన్నది ఆమె పట్టుదల.

రోజూ కొత్తగూడలోని ఇంటికి వెళ్ళగానే మార్తమ్మ అడిగేది, "ఇవాళ నా పేరున్న పిల్ల ఎంతమందికి కట్లు కట్టిందే?" అని. ఆ ప్రశ్న కోసమే దీవెన లెక్క గుర్తుంచుకునేది. సెప్టెంబరు మొదటి శుక్రవారానికి ఆరువందల పన్నెండు.

ఆ సోమవారం ఫ్లాపీ పెడితే తెరుచుకోలేదు. లోపల ఏమీ లేదు.

"వానలు కదా చెల్లీ, బూజు పట్టుంటుంది" అన్నాడు కిరణ్ పాల్. పైగా దీవెన నెత్తిమీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన కూడా చేశాడు. ఆ ప్రార్థనకు ఆమె ఆమెన్ అంది. తరువాత గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఆమెన్‌కే ఎక్కువ ఒళ్ళు మండేది.

వారం తిరక్కుండానే విశ్వేశ్వరరావు అందర్నీ పిలిచి ఒక మాట చెప్పాడు. కంపెనీ హైటెక్ సిటీ కొత్త భవనంలోకి మారుతోంది. ఒక విదేశీ సంస్థ తన ఆటల్లో లెవెళ్ళు సరిగా పెరుగుతున్నాయో లేదో చూసే పని ఇస్తోంది. ఆ జట్టుకు ఒక పెద్ద కావాలి. "మూడు వారాల్లో పోటీ పెడతాను. పాత్రను ఎవరు బాగా పెంచుకున్నారో వాళ్ళకే ఆ కుర్చీ. పోటీలో పడిపోయిన పాత్ర ఫ్లాపీలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అలా లేకపోతే మీరెవరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడరు" అన్నాడు. దీవెనకు ఆ కుర్చీ కావాలి. సంవత్సరాలు దిద్దీ దిద్దీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

అప్పుడు పుట్టుకొచ్చాడు కిరణ్ పాల్ కొత్త వీరుడు, సింహబలుడు. నలభై ఒకటో లెవెల్. ఒంటినిండా ఇనుప కవచం. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా బంధువుల ఇంటర్నెట్ సెంటరులో పెంచానన్నాడు. దీవెన వాడి వివరాల పేజీ తెరిచి చూసింది. ఆ ఆటలో పేరు మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోవచ్చు. చేసిన పనుల లెక్క మాత్రం మార్చలేరు. కింద చివరి వరుసలో ఉంది: కట్టిన కట్లు, 612.

పాస్‌వర్డు ఎలా తెలిసిందని ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. జనవరి ఒకటిన చర్చి ఆరాధనలో పళ్ళెంలోంచి ఒక్కొక్కరూ బైబిలు వచనం రాసిన ఒక వాగ్దానపు కార్డు తీసుకుంటారు. ఏడాదంతా అదే వాళ్ళ వచనం. ఆమె కార్డును పక్కనే ఉన్న కిరణ్ పాల్ అడిగి మరీ చదివాడు. దేవుడిచ్చిన అంకెలు గదా, ఎవరు ముట్టుకుంటారన్న ధీమాతో ఆ అధ్యాయం, వచనం అంకెలనే ఆమె ఫ్లాపీకి తాళంగా పెట్టుకుంది.

విశ్వేశ్వరరావు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన కిరణ్ పాల్‌ను పిలిచి అడిగాడు.

"నేనూ కట్లు కట్టానండి. అవన్నీ నేను కట్టినవే" అన్నాడు కిరణ్ పాల్, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు.

"రుజువు లేకుండా నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు విశ్వేశ్వరరావు.

ఇంట్లో మార్తమ్మ కూడా, "పోనీ, క్షమించెయ్యవే. ఆటే కదా" అంది.

"ఆటే అయితే వాడెందుకు దొంగిలించాడమ్మా?" అంది దీవెన.

మర్నాడు దీవెన కొత్త ఫ్లాపీ తీసుకుని ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టింది. మృగాల జోలికి వెళ్ళలేదు, క్షతగాత్రుల వైపూ చూడలేదు. రోజూ గంటన్నర సేపు ఒక ఎండిన మొద్దు ముందు నిలబడి రాళ్ళు విసిరింది. అంతే. రాయి విసిరే పనితనానికీ చిల్లర మార్కులు రాలేవి. మూడు వారాలకు తొమ్మిదో లెవెల్ చేరింది. వచ్చిన పాయింట్లన్నీ వేగానికి సగం, దమ్ముకు సగం పెట్టింది. బలానికి సున్న.

"మొద్దుతో యుద్ధమా చెల్లీ?" అని కిరణ్ పాల్ నవ్వేవాడు. ఆఫీసంతా నవ్వేది. దీవెన పళ్ళు బిగించి ఇంకో రాయి విసిరేది.

ఆమెకు తెలిసినది కిరణ్ పాల్‌కు తెలియదు. మార్త ఎన్నడూ పరుగెత్తలేదు గనుక దమ్ముకు ఒక్క పాయింటైనా పెట్టలేదు. ఆమె దాచిన ముప్ఫై పాయింట్లనూ వాడు బలంలో కుమ్మరించి, పైన ఇనుము తొడిగాడు. భయమల్లా ఒకటే. మార్త కట్టు కట్టడంలో ఆరితేరింది. పది సెకన్లు కదలకుండా నిలబడి ఎఫ్ సెవెన్ నొక్కితే తన గాయాలన్నీ తనే మాన్పుకోగలదు. ఆ సంగతి వాడికి తెలిస్తే దీవెన పని అయిపోయినట్టే.

పోటీ శనివారం మధ్యాహ్నం. నలభై ఒకటిని చూసి పేరిచ్చిన మిగతా నలుగురూ తమ పాత్రలు పోతాయని పోటీ నుంచి తప్పుకున్నారు. మిగిలింది దీవెన తొమ్మిదో లెవెల్ రాళ్ళపిల్ల ఒక్కతే. అందరూ రెండు కంప్యూటర్ల వెనక గుమిగూడారు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు ఐలయ్య కూడా పైకొచ్చి నిలబడ్డాడు.

సింహబలుడు కత్తి ఎత్తి మీదికి ఉరికాడు. ఒక్క దెబ్బ తగిలితే చాలు, రాళ్ళపిల్ల రెండు ముక్కలు. ఆమె ఆగలేదు, పరుగెత్తింది. పదిహేను అడుగులకే వాడు రొప్పుతూ నిలబడిపోయాడు. ఆమె వెనక్కి తిరిగి ఒక రాయి విసిరింది. ఇనుము మీద ఠంగుమంది. ప్రాణం గీత వెంట్రుకవాసి తగ్గింది. వాడికి దమ్ము వచ్చి మళ్ళీ ఉరికాడు. ఆమె మళ్ళీ పరుగెత్తింది, మళ్ళీ విసిరింది.

"ఏంది మేడం, గంత పెద్ద మనిషిని గిట్ల ఉరికిస్తున్నరు?" అన్నాడు ఐలయ్య. "జర ఊపిరన్న తీస్కోనియ్యుండ్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నవ్వు కిరణ్ పాల్ మీద. అరగంట గడిచింది. వాడి చొక్కా వీపున తడిసిపోయింది. ప్రాణం గీత బెత్తెడు కూడా లేదు. మీటలన్నీ ఎడాపెడా నొక్కుతున్నాడు. దీవెన ఓ కన్ను వాడి వేళ్ళ మీదే ఉంచింది, పొరపాటున ఎఫ్ సెవెన్ మీద వేలు పడుతుందేమోనని. పడలేదు.

"చెల్లీ, ఆగు!" కిరణ్ పాల్ కుర్చీలోంచి సగం లేచాడు. "కట్టు కట్టడానికి ఏ కీ నొక్కాలి? చెప్పు, ఏ కీ?"

విశ్వేశ్వరరావు కళ్ళజోడు తీసి వాడివైపు చూశాడు.

"ఆరువందల పన్నెండు కట్లు కట్టినవాడివి, ఏ కీ నొక్కాలో తెలియదుటయ్యా?"

కిరణ్ పాల్ ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "నీదే చెల్లీ. నీ ఫ్లాపీలోదే. తీసేసుకో, తిరిగి ఇచ్చేస్తాను. చంపకు."

"తేలిపోయిందమ్మా, ఇక ఆపు" అన్నాడు విశ్వేశ్వరరావు. "కుర్చీ నీదే. నీ పాత్రను కూడా నీకే ఇప్పిస్తాను."

ఇక ఆపితే మార్త ఇంటికొచ్చేస్తుంది. ఎనిమిది నెలలూ వెనక్కి వచ్చేస్తాయి. దీవెన తెరవైపు చూసింది. ఇనుప టోపీ కింద వాడు తగిలించిన మీసాల ముఖం. మార్త మోకాళ్ళ మీద ఉంది, రొప్పుతోంది. కిరణ్ పాల్ చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు చూడగానే తన నెత్తిమీద పడిన చెయ్యి, ఆ ప్రార్థన, తను అన్న ఆమెన్ అన్నీ గుర్తొచ్చాయి.

మూడు రాళ్ళు విసిరింది. మొదటిదే చాలు. తక్కిన రెండూ కోపానికి విసిరింది.

తెర మీద సింహబలుడు బోర్లా పడ్డాడు. కిరణ్ పాల్ ఫ్లాపీ గరగరమని తిరిగి, ఖాళీ అయింది. వాడు తల దించుకుని బయటికి నడుస్తుంటే ఎవరూ పలకరించలేదు. దీవెనకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంటిదాకా ఆటో ఎక్కకుండా నడిచే వెళ్ళింది.

అన్నాలు తింటూ జరిగినదంతా ఉత్సాహంగా చెప్పింది. మార్తమ్మ గరిటె పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నది. కుర్చీ వచ్చిందని సంతోషించింది. ఆ తరువాత అడిగింది.

"కట్టు కట్టడానికి ఏం నొక్కాలో నీకు తెలుసుగా?"

"తెలుసు."

"అడిగాడుగా మరి?"

"అడిగాడు."

"చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా."

మార్తమ్మ కూతురి కంచంలో పప్పు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దీవెన ముద్ద కలిపి పట్టుకుని కూర్చుంది. ఇంకోసారి అడిగినా చెప్పేది కాదు, ఆ మూడు రాళ్ళూ మళ్ళీ విసిరేది. అందులో ఆమెకు అనుమానమే లేదు. కానీ ఇంటికి రాగానే ఎంతమందికి కట్లు కట్టిందే అని అమ్మ ఇక ఎన్నటికీ అడగదు.