తోక లేని కారు

మా వైపు ప్రతి బండికీ తోక ఉంటుంది. వెనక కాదు, ముందు. బంపరు సందులోంచి జానెడు నల్ల కరెంటు వైరు బయటికి వేలాడుతుంటుంది, కొసన ప్లగ్గు. చలి ముదిరితే ఇంజన్లో ఆయిలు పాత తేనెలా గడ్డకడుతుంది. సాయంత్రం ఆ తోకని పెరట్లో స్తంభం దగ్గర కరెంటుకి తగిలిస్తే, ఇంజన్లో బిగించిన చిన్న హీటరు రాత్రంతా దాన్ని వెచ్చగా ఉంచుతుంది. పొద్దున్న తాళం తిప్పగానే లేస్తుంది. కెనడాలో మా సస్కాచువాన్‌లో పుట్టినవాడెవడూ ఈ మాట ఇంకొకడికి చెప్పడు. చెప్పాల్సిన మాటని ఎవరికీ అనిపించదు.

తోక తగిలించి ఉందంటే ఆ ఇంటివాళ్లు పొద్దున్నే ఎక్కడికో బయల్దేరుతున్నారని అర్థం. దారినపోయేవాళ్లం అది చూస్తాం. మర్నాడు కనబడితే ఎక్కడికెళ్లారని అడుగుతాం.

వైలెట్ డచక్ ఇల్లు మా ఇంటికి రోడ్డవతల. భర్త నెస్టర్ పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. నెస్టర్ ట్రక్కుని ఆవిడే నడిపేది. ఆకుపచ్చ రంగు, తలుపుల కింద తుప్పు, ఎక్కాలంటే కాలు నడుం దాకా ఎత్తాలి. పొలం పనులు మానేశాక ఆ ట్రక్కుకి ఒక్కటే పని మిగిలింది. వారానికి రెండుసార్లు వైలెట్‌ని యార్క్‌టన్ టౌనుకి తీసుకెళ్లడం. అక్కడ ముసలివాళ్లని చూసుకునే హోమ్‌లో ఆవిడ అక్క టిల్లీ ఉంది. టిల్లీకి మనుషులు గుర్తుండడం పోయింది. ఎవరు చెంచా పెట్టినా నోరు తెరిచేది కాదు. వైలెట్ పెడితే తెరిచేది. చెల్లెలని తెలిసి కాదేమో, ఆ చెయ్యి తెలిసి.

ఒక వేసవి పొద్దున్న మేం పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర కూర్చుని ఉండగా వైలెట్ లోపలికొచ్చింది. మా బల్ల దగ్గరికి ఆడవాళ్లు రారు. వచ్చి నిలబడింది.

"నాకో చిన్న కారు కావాలి" అంది.

"నెస్టర్ బండికేం రోగం?" అన్నాడు ఆర్నీ. ఆర్నీకి ఎవరినైనా కదిలించకపోతే కాఫీ దిగదు.

"బండికేం లేదు. రోగం నా మోకాలికి. క్లచ్ తొక్కితే ప్రాణం పోతోంది."

"మోకాలు మార్పించుకో. బండి ఉంచుకో."

"ముందు నీ నోరు మార్పించుకో. ఊరు బాగుపడుతుంది."

అందరం నవ్వాం. తర్వాత సలహాలు మొదలయ్యాయి. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే బండయితే తప్ప కొనొద్దన్నాడు ఆర్నీ. జపాన్‌ది కొనుక్కో, నీ తర్వాత నీ కుక్క కూడా తోలుకోవచ్చు అన్నారెవరో. పాతది వద్దన్నారు, కొత్తది అసలే వద్దన్నారు. ఓరెస్ట్ మాత్రం కాఫీ కలుపుకుంటూ కూర్చున్నాడు. బండ్ల విషయంలో ఆఖరి మాట అతనిదని అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. మేం అలిసిపోయేదాకా ఆగాడు.

"తుప్పు" అన్నాడు చివరికి. "తుప్పు చూడాలి. ఇంజన్ మార్చొచ్చు, గేరుబాక్సు మార్చొచ్చు, మొగుణ్ణి మార్చొచ్చు. ఒళ్లు తుప్పుపడితే మార్చేదేం ఉండదు."

"మొగుడి మాట నీ పెళ్లాం ముందు అను" అంది వైలెట్.

"నీకెందుకు, నేను చూసి పెడతాగా. నా చేతిలో పెట్టి నువ్వు మరిచిపో."

వాళ్లిద్దరూ ఒక బళ్లో చదువుకున్నవాళ్లు. ఆవిడ తల ఊపింది. "ఒక్కటే అడుగుతున్నా ఓరెస్ట్. చలికాలంలో నన్ను టిల్లీ దగ్గరికి చేర్చాలి. రంగు నాకు అక్కర్లేదు, పాటలు అక్కర్లేదు."

"చేరుస్తుంది" అన్నాడు.

ఆ వేసవంతా ఓరెస్ట్ కార్లు చూశాడు. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని తిరిగేవాడు. వాళ్లావిడ ఫ్రిజ్ మీద నుంచి తీసుకున్నది, ఈస్టరు గుడ్డు ఆకారంలో ఉండేది, దానిమీద ఎర్ర గీతలు. కారు తలుపు మీద పెట్టి జరుపుతూ పోయేవాడు. జారిందంటే అక్కడ రేకు లేదు, లప్పం పెట్టి రంగు పూశారన్న మాట. చాలా కార్ల మీద గుడ్డు జారింది. అమ్మేవాళ్లు మొహం చిట్లించుకునేవాళ్లు.

చివరికి యార్క్‌టన్‌లో ఒక చిన్న అమ్మకందారు దగ్గర దొరికింది. అమెరికాలోని అరిజోనా నుంచి తెచ్చిన కారు. వెండి రంగు. ఎడారిలో పుట్టి పెరిగింది, మంచు కరగాలని ఉప్పు చల్లి బండ్లని తుప్పుపట్టించే మా రోడ్ల మొహం చూడలేదు. వైలెట్ దాన్ని బంకు దగ్గరికి తోలుకొచ్చిన రోజు పెళ్లికూతుర్ని చూసినట్టు చుట్టూ మూగాం. గుడ్డు ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంది. ఓరెస్ట్ నేలమీద అట్టపెట్టె పరిచి దానిమీద పడుకుని కిందికి దూరాడు. కిందనుంచే అరిచాడు.

"రండ్రా, చూసి చావండి! నిన్న చేసినట్టుంది!"

ఆర్నీ పడుకుని చూశాడు. లేవడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. నేను టైరుని కాలితో తన్ని చూశాను, మగవాడు ఏదో ఒకటి చేయాలి కదా అని. డిక్కీ రబ్బరు కింద ఎర్రటి మట్టి ఉంది, పిండిలా సన్నగా. వైలెట్ దాన్ని వేలితో తీసి చూసుకుంది.

అంతమందిమి చూశాం. కింద చూశాం, పైన చూశాం. బానెట్ ఎత్తి ఇంజన్లోకి తలలు పెట్టాం. ముందు నిలబడి బంపరు మీద చెయ్యేసి మాట్లాడుకున్నాం కూడా. తోక లేదని ఒక్కడికీ తట్టలేదు. తోక లేని బండి మేం పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. అరిజోనాలో బండికి తోక ఎందుకుంటుంది?

ట్రక్కుని ఓరెస్టే తీసుకున్నాడు. నెస్టర్ బండి బయటివాళ్ల చేతికి పోకూడదన్నాడు. తాళం ఇచ్చేటప్పుడు వైలెట్ దాని బానెట్ మీద రెండుసార్లు తట్టింది, అంతే.

శరత్కాలం బాగానే గడిచింది. కారు మెత్తగా నడిచేది. వైలెట్ యార్క్‌టన్ నుంచి వచ్చాక నాకు చెబుతుండేది, ఇవాళ టిల్లీ బీట్‌రూట్ సూప్ అంతా తాగిందని, ఇవాళ సగమే తాగిందని. మా దగ్గర ఎదురుబండి కనబడితే స్టీరింగు మీదనుంచి ఒక వేలు ఎత్తుతాం, పలకరింపు అది. మొదట్లో వెండి కారుకి ఎవరూ వేలెత్తేవాళ్లు కాదు, ఎవరిదో తెలియక. ఆకుపచ్చ ట్రక్కుకి మాత్రం అందరూ వైలెట్ అనుకుని ఎత్తేవాళ్లు. ఓరెస్ట్ నవ్వుతూ చెప్పేవాడు, నాకు ఇన్ని దండాలు ఎన్నడూ పడలేదని.

డిసెంబరులో అసలు చలి వచ్చింది. రేడియో పొద్దుటినుంచీ హెచ్చరిస్తూనే ఉంది. ఇంకా వెలుతురుండగానే నేను మా బండి తోక తగిలిస్తూ రోడ్డవతల చూశాను. వైలెట్ కారు ముందు వంగి ఉంది. చేతిలో స్తంభం నుంచి లాక్కొచ్చిన పొడుగాటి వైరు. బంపరు కింద చెయ్యిపెట్టి తడుముతోంది. తర్వాత మంచులో మోకాళ్ల మీద కూర్చుంది, ఆ మోకాళ్ల మీద. ఏదో పడేసుకుందనుకున్నాను. నేను చెయ్యి ఊపాను, ఆవిడ ఊపింది. వైరుని చుట్ట చుట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

ఇంట్లోకి వెళ్లి ఓరెస్ట్‌కి ఫోన్ చేసిందట. ఈ మాటలు నాకు తర్వాత ఓరెస్టే చెప్పాడు.

"తోక ఎక్కడ పెట్టారయ్యా దీనికి?"

"ముందే ఉంటుంది, చూడు."

"లేదు. అంతా చూశాను."

"లోపల చుట్టి పెట్టుంటారు, ఎక్కడో ఇరికించి. పొద్దున్నే వచ్చి లాగుతాలే."

"చలి ఎక్కువంటున్నాడు రేడియోలో."

"రేడియోవాడు ఏటా అంటాడు. లేస్తుంది వైలెట్. ఒళ్లు చూశావుగా దానిది."

ఫోన్ పెట్టేస్తుంటే ఓరెస్ట్‌కి అరిజోనా అన్న మాట గుర్తొచ్చిందట. కోటు అందుకున్నాడట, మళ్లీ తగిలించేశాడట. వెళ్లి చూస్తే లేదని తెలిసిపోతుంది. తెలిస్తే బల్ల దగ్గర ఆర్నీ ఏమంటాడో కూడా తెలుసు. పొద్దున్న చూద్దాంలే అనుకున్నాడు.

పొద్దున్న నేను ధాన్యం లారీ వేసుకుని ముందే బయల్దేరాను. మా ఆవిడ కూతురింట్లో ఉంది. వైలెట్ మొదట మాకే ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. ఖాళీ ఇంట్లో ఎంతసేపు మోగిందో.

హోమ్ వాళ్లు ఆవిడని లేపారు. టిల్లీకి ఊపిరి సరిగా ఆడడం లేదు, వెంటనే రండి అన్నారు. కారు తాళం తిప్పితే ఒక్క మూలుగు మూలిగింది. రెండోసారి అదీ లేదు. మాకు చేసింది, ఎవరూ ఎత్తలేదు. ఓరెస్ట్‌కి చేసింది. ఓరెస్ట్ ఇంటి ముందు నెస్టర్ ట్రక్కు తోక తగిలించే ఉంది. తాళం తిప్పగానే లేచింది.

నేను ధాన్యం దింపి వెనక్కి వస్తుంటే ఎదురుగా ఆ ఆకుపచ్చ ట్రక్కు వచ్చింది. మంచుపొగలో దూరంనుంచే పోల్చుకున్నాను. వేలెత్తాను. ఓరెస్ట్ ఎత్తలేదు. పక్కన వైలెట్ కూర్చుని ఉంది, ఒళ్లో డబ్బా, రెండు చేతులూ దానిమీద. సూపు డబ్బా. ఓరెస్ట్ నాకు వేలెత్తకపోవడం నేనెప్పుడూ చూళ్లేదు. అక్కడే నాకు సగం అర్థమైంది.

వాళ్లు వెళ్లేసరికి గంజి గిన్నె మీద మూత పెట్టి ఉంది. టిల్లీ కళ్లు మూసి ఉన్నాయి. నర్సు వైలెట్‌కి కుర్చీ జరిపి బయటికెళ్లిపోయింది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉందట. ఆ మాట వైలెట్ నాకు ఒక్కసారే చెప్పింది. "వెచ్చగా ఉందయ్యా" అంది.

శవసంస్కారం రోజు చర్చి కింద హాల్లో భోజనాలు. ఆర్నీ కూడా ఎవరినీ కదిలించలేదు. ఓరెస్ట్ ప్లేటులో పెరోగీలు, బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, చల్లారిపోయాయి. ఆ తర్వాత కాఫీ బల్ల దగ్గరికి రావడం మానేశాడు. అతని కుర్చీలో ఎవరం కూర్చోలేదు.

చలి కొంచెం తగ్గాక ఒకరోజు అతను పనిముట్ల పెట్టె పట్టుకుని వైలెట్ పెరట్లోకి వచ్చాడు. నన్నూ పిలిచాడు, లైటు పట్టుకోమని. కొత్త హీటరు తెచ్చాడు. అట్టపెట్టె పరుచుకుని కారు కింద పడుకుని పొద్దంతా బిగించాడు. వేళ్లు నెత్తురు కారాయి. బంపరు సందులోంచి వైరు బయటికి లాగి, ప్లగ్గుని గుడ్డతో తుడిచాడు.

వైలెట్ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"లోపల చుట్టి ఉందన్నావు" అంది.

"అన్నాను."

"లేదని తెలుసా?"

ఓరెస్ట్ లేవలేదు. అట్టపెట్టె మీద అలాగే కూర్చున్నాడు. "ఫోన్ పెట్టేశాక తెలిసింది."

"అప్పుడు చెబితే నేను నీ ఇంటికొచ్చి పడుకునేదాన్ని. లేకపోతే ఆ సాయంత్రమే వెళ్లిపోయేదాన్ని, ఇంజన్ గడ్డకట్టకముందే. అక్కడ కుర్చీలో కూర్చునేదాన్ని."

"తెలుసు."

"ఒక్క మాట, ఓరెస్ట్."

"తెలుసు వైలెట్. ట్రక్కు తీసేసుకో. రేపే తెచ్చి పెడతా."

"నా మోకాలు దానికి పనికిరాదు. నీకు చెప్పానుగా." గుమ్మంలోంచి పక్కకి తప్పుకుని అంది, "కాఫీ పెట్టాను. చేతులు కడుక్కుని రా. ఇద్దరూ రండి."

లోపల ముగ్గురం కాఫీ తాగాం. గసగసాల రొట్టె కోసి పెట్టింది. ఓరెస్ట్ రొట్టె తిన్నాడు, ప్లేటులో గింజలు వేలితో అద్దుకుని కూడా తిన్నాడు, చిన్నపిల్లాడిలా. వెళ్తూ వెళ్తూ జేబులోంచి అయస్కాంతం గుడ్డు తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ దాన్ని తన ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు ఓరెస్ట్ బల్ల దగ్గరికి వస్తున్నాడు. కూర్చుంటాడు, తాగుతాడు. మొన్నామధ్య కొత్తగా వచ్చిన టీచరమ్మ కారు కొనాలని సలహా అడిగింది. అందరం ఓరెస్ట్ వైపు చూశాం. అతను కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆర్నీయే చెప్పాడు, తుప్పు చూడమ్మా అని, తర్వాత గొంతు తగ్గించి, ముందు తోక చూడు అని. ఆ టీచరమ్మకి అర్థం కాలేదు. ఓరెస్ట్ లేచి కోటు వేసుకున్నాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. సాయంత్రం నేను మా బండి దగ్గరికి వెళ్లేసరికి వైలెట్ కారు తోక తగిలించే ఉంటోంది. ఆ ప్లగ్గు కొసన కరెంటు వస్తోందని చూపించే నారింజరంగు దీపం ఒకటి, గింజంత, మంచులో వెలుగుతుంటుంది. ఒకరోజు అలవాటు కొద్దీ కేకేశాను.

"రేపెక్కడికైనా వెళ్తున్నారా?"

"ఎక్కడికీ లేదయ్యా" అంది.

వైరు సర్ది, ప్లగ్గు గట్టిగా కూర్చుందో లేదో ఇంకోసారి నొక్కి చూసుకుని, లోపలికెళ్లింది. వారంలో ఏ రోజు చూసినా ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. ఓరెస్ట్ ఆ ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు ట్రక్కు నెమ్మది చేస్తాడు. దీపం వైపు చూడడు. రోడ్డునే చూస్తాడు, రెండు చేతులూ స్టీరింగు మీదే.