ఆగిపోయిన నల్ల తెర

పటాన్‌చెరు మందుల కంపెనీలో కంట్రోల్ రూం ఊడ్చేది నేనే. మా తమ్ముడు సంగయ్యది పక్క షెడ్డులో రియాక్టర్ పని. పెద్ద ఉక్కు కాగు అది, లోపల మందు ఉడుకుతుంది. వేడి మితిమీరితే పేలుతుందని అందరికీ తెలుసు. మా ఆయన అలాంటి షెడ్డులోకే డ్యూటీకి వెళ్లి మళ్లీ రాలేదు. అందుకే చీపురు పట్టే ముందు కంప్యూటర్ కేసి చూస్తాను. నల్ల తెర మీద తెల్లటి అంకెలు వరస కింద వరస పడుతుంటే నా తమ్ముడు బాగున్నట్టు.

ఆ ఏడాది కొత్తగా బొమ్మల తెర వచ్చింది. కాగు బొమ్మ, పక్కన వేడి అంకె, అంతా ఆకుపచ్చ. నల్ల తెరను చిన్న డబ్బాలా చేసి అదే తెరలో ఓ మూలకు నెట్టారు.

"నల్లది వేడి లెక్క తీసి ఇస్తది, ఇది బొమ్మ గీస్తది. గదాన్ని ఇగ సూడకు అవ్వా," అన్నాడు ఆఫీసర్ ముకుంద్ సారు.

ఆ పొద్దున ఆయన బొమ్మల తెర మీద మౌస్ నొక్కుతూ, అదే ఊపులో నల్ల డబ్బా మీదా నొక్కాడు. అక్కడ తెల్ల మచ్చ పడింది. వరసలు ఆగిపోయాయి.

చీపురు పక్కన పెట్టాను. "సారూ, అంకెలు పడతలేవు."

"బొమ్మల సూడు. అరవై రెండు. పచ్చగున్నది."

"ఇందాకటి సంది అరవై రెండే ఉన్నది సారూ."

"మంచిగుంటే గట్లనే ఉంటది. నీకు నల్లదే గావాలె, గంతేనా? ఆగు, నీ కోసం నడిపిస్త."

నవ్వుతూ ఎంటర్ నొక్కాడు. వరస పడింది. ఎనభై ఒకటి. తర్వాత ఎనభై మూడు. బొమ్మ ఎర్రబడింది. సారు ముఖంలో నవ్వు పోయింది.

"మౌస్ తగిలి నల్లది ఆగింది... బొమ్మ పాత లెక్కనే సూపెట్టింది," అని గొణిగి మైకు అందుకున్నాడు. "సంగయ్యా! చల్లనీళ్ల వాల్వ్ మొత్తం తిప్పు! జల్దీ!"

ఎనభై ఆరు. మైకు నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు.

"తమ్మీ, పలుకురా!"

స్పీకర్‌లో గరగర. "తిప్పుతున్న అక్కా. బిగుసుకున్నది. నువ్వు మొత్తుకోకు."

"మాట్లాడుతనే ఉండు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదో ఒకటి. సద్దిల ఏం తెచ్చినవ్?"

"గంగవాయిల కూర. నీ మరదలు ఉప్పు దండిగ ఏసింది."

"ఇంకా?"

"ఇంకేమున్నది... ఆఁ, తిరిగింది అక్కా. వాల్వ్ తిరిగింది."

ఎనభై ఎనిమిది. మళ్లీ ఎనభై ఎనిమిది. ఎనభై ఏడు.

ముకుంద్ సారు ముఖం తుడుచుకుని చేయి చాపాడు. "సాలు అవ్వా, మైకు ఇయ్యి."

నేను ఇవ్వలేదు.

"మామిడి తొక్కు గిట్ల ఏమన్న తెచ్చినవా తమ్మీ?" అని అడిగాను.