పెట్టెలో పెట్టిన నవ్వు

మంగళవారం సాయంత్రం ఏడు కావస్తోందంటే అమెరికాలోని బర్బాంక్ ఊరి వీధుల్లో కుక్కలు తప్ప మనిషన్నవాడు కనిపించడు. పందొమ్మిది వందల యాభై ఏడు అది. ప్రతి ఇంటి ముందుగదిలోనూ టీవీ ఠీవిగా కూర్చుంది. దాని ముందు మడతబల్లలు వేసుకుని, ఒళ్ళో పళ్ళెం, కళ్ళలో తెర పెట్టుకుని జనం కూర్చున్నారు. స్టోక్లీ వాళ్ళింట్లోనూ అంతే. వేడిచేస్తే చాలు తినేసేలా రేకు పళ్ళేల్లో అమ్మే భోజనం పొగలు కక్కుతోంది: ఓ గుంటలో టర్కీ మాంసం, ఓ గుంటలో బంగాళాదుంప ముద్ద, ఓ గుంటలో బఠాణీలు. వంట తగ్గింది, మంట తగ్గింది, దాంతోపాటు ఇంట్లో మాటా తగ్గింది. ఆ చివరిది తగ్గినట్టు ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఆ లోటు టీవీ భర్తీ చేస్తోంది.

"ఏమే వెర్నా, ఉప్పు!" అన్నాడు రాస్కో. విమానాల ఫ్యాక్టరీలో రోజంతా మరలు బిగించి వచ్చినవాడు, బూట్లు విప్పి కాళ్ళు బార్లా చాపుకున్నాడు.

"నీ ముందే ఉంది. కళ్ళు తెర మీద ఉంటే చేతికేం కనపడుతుంది?" అంది వెర్నా.

"మా ఆయనైతే కాఫీలో ఉప్పేసుకున్నా తాగేస్తాడు తల్లీ," అంది పక్కింటి మాక్సీన్. వాళ్ళింటి టీవీ బాగుచేయించడానికి వెళ్ళింది గనక ఆవిడ తన పళ్ళెంతో సహా ఇక్కడికొచ్చింది.

వెర్నా కూతురు, పన్నెండేళ్ళ ట్వైలా కిసుక్కున నవ్వింది. "అ... అమ్మా, ఆ... ఆయన నిజంగా తా... తాగాడు, నేను చూ... చూశాను," అంది. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల వాక్యం పూర్తయ్యాకే అందరూ నవ్వారు.

ట్వైలాకు నత్తి. స్కూల్లో లేచి నిలబడితే చాలు, వెనక బెంచీలవాళ్ళు ఆమె మాటను ఆమెకంటే ముందే ముక్కలు చేసి విసిరేవారు. అందుకని బయట ఆ పిల్ల నోరు విప్పేది కాదు. ఇంట్లో మాత్రం గలగలా వాగుతుంది, ఆగి ఆగి వాగుతుంది. మాట మధ్యలో ఎవరూ అందించకూడదు, ఎవరూ నవ్వకూడదని వెర్నా పెట్టిన కట్టడి. "లోకమంతా నవ్వినా ఈ నోరు మాత్రం నీ మాట మీద నవ్వదే," అని ఒకనాడు ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు మీదే ఆ పిల్ల బతుకు నిలబడి ఉంది.

ఆ నోరు మామూలు నోరు కాదు. వెర్నా నవ్వితే ముందు తలుపు తెరిచినట్టు ఓ కీచు, ఆ పైన గుమ్మడికాయ మెట్ల మీద దొర్లినట్టు హోహోహో, ఆఖర్న ఊపిరందక ఓ ఎక్కిలి. స్కూలు భోజనశాలలో గరిటె పట్టుకుని వడ్డించే ఆమె నవ్వు ఆ స్కూలు పిల్లలందరికీ గంట మోత కంటే బాగా తెలుసు. కిందటేడు దాకా టీవీ స్టూడియోవాళ్ళకీ తెలుసు. ఆ రోజుల్లో శనివారం మార్కెట్ ముందు ఊరికే పంచే టిక్కెట్లు పట్టుకుని వెర్నా హాస్య కార్యక్రమాలకు వెళ్ళేది. ముందొకడు వచ్చి జోకులేసి జనాన్ని హుషారెక్కిస్తాడు, నవ్వాల్సినప్పుడు 'నవ్వండి' అని రాసిన పలక మీద దీపం వెలుగుతుంది. వెర్నాకు దీపంతో పని లేదు. ఆమె నవ్వాక దీపం వెలిగేది. సౌండు చూసే హచిన్స్ వేలాడే మైకు కిందే ఆమెకో కుర్చీ వేయించి, "మహారాణిగారూ, సింహాసనం సిద్ధం!" అనేవాడు. ఆమె పొంగిపోయేది. తరవాత స్టూడియోవాళ్ళు జనాన్ని పిలవడం మానేశారు. జనం లేకపోయినా కార్యక్రమంలో నవ్వులు మాత్రం తగ్గలేదు. ఎలా అని వెర్నా ఎన్నడూ అడగలేదు. మనం మాత్రం అడిగామా?

ఆ సాయంత్రం సబ్బువాడి ప్రకటన అయ్యాక తెర మీదికి కొత్త పాత్ర వచ్చింది. ఆఫీసు గుమాస్తా. గది తగలబడుతోంది, వాడు ఫోను పట్టుకుని అగ్నిమాపకదళాన్ని పిలుస్తున్నాడు. "ని... ని... ని..." అంటున్నాడు. వెనక బల్ల అంటుకుంది. "ని... ని..." కర్టెన్లు అంటుకున్నాయి. పైకప్పు కూలింది. "నిప్పు!" అన్నాడు.

టీవీలో నవ్వులు విరుచుకుపడ్డాయి. వాటన్నిటి మీదా ఓ కీచు, ఓ గుమ్మడికాయ దొర్లుడు, ఓ ఎక్కిలి.

గదిలో అందరూ వెర్నా వైపు తిరిగారు. ఆమె నోటి నిండా బంగాళాదుంప ఉంది.

"నువ్వే!" మాక్సీన్ చప్పట్లు కొట్టింది. "ఎప్పుడెళ్ళావే దొంగా? చెప్పనైనా చెప్పలేదు!"

వెర్నా గబగబా మింగింది. "నేనా? నేను వెళ్ళి ఏడాది దాటింది. ఈ బొమ్మ నేను చూడనే లేదు!"

"నీ పక్కన పదిహేనేళ్ళుగా పడుకుంటున్నాను, నీ నవ్వు నాకు తెలియదా?" అన్నాడు రాస్కో నెమ్మదిగా. ఎగతాళిగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

ట్వైలా తన పళ్ళెం తీసి కింద పెట్టింది. తల్లి మొహంలోకి ఒక్కసారి చూసింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, మెల్లిగా.

మర్నాడు భోజనశాలలో వరసలో నిలబడ్డ పిల్లలు పళ్ళేలు చాపుతూ, "ని... ని... నిప్పు! ఇప్పుడు నవ్వండి వెర్నా ఆంటీ, టీవీలో నవ్వినట్టు!" అన్నారు. వెర్నా చేతిలో గరిటె ఆగిపోయింది. వరస చివర్న ట్వైలా కనిపించింది. కూతురు పళ్ళెం అందుకోలేదు. ఆ రోజే కాదు, ఆ వారమంతా ఆ పిల్ల ఇంట్లోనూ మూగదైపోయింది. అడిగితే తల ఊపుతుంది. అడ్డంగానో నిలువుగానో, అంతే.

"నేను నవ్వలేదే తల్లీ. నా మీద ఒట్టు," అంది వెర్నా మంచం పక్కన కూర్చుని.

ట్వైలా గోడ వైపు తిరిగింది. ఒట్టు అనే మాట మీదే ఆ పిల్లకు నమ్మకం పోయింది మరి.

శనివారం వెర్నా కూతుర్ని బస్సెక్కించుకుని స్టూడియోకు తీసుకెళ్ళింది. తన నిర్దోషిత్వాన్ని కూతురి కళ్ళముందే నిలబెట్టాలని ఆమె పట్టుదల. దారి పొడుగునా ఆమెలో కోపం కుతకుతలాడింది. నెత్తిన మైకు పెట్టి సింహాసనం వేసినవాడే తనను దొంగదెబ్బ తీశాడు. తన గొంతును తనకు చెప్పకుండా తీసుకుపోయి, తన బిడ్డ గుండెల్లోనే దించాడు.

హచిన్స్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "మహారాణిగారూ! ఎన్నాళ్ళకి!"

"రాణీ లేదు, బోణీ లేదు. నా నవ్వు ఎక్కడ పెట్టావ్?"

అతను సిగ్గుపడలేదు సరిగదా, మురిసిపోతూ ఓ పెట్టె చూపించాడు. సూట్‌కేసంత ఉంది. పైన టైపు మిషనుకున్నట్టు మీటలు. ఒకటి నొక్కితే ఆడవాళ్ళ ముసిముసి. ఇంకొకటి నొక్కితే ఓ ముసలాయన గురగుర. మధ్యలో బొటనవేలంత మీట నొక్కాడు. కీచు, గుమ్మడికాయ, ఎక్కిలి.

"ఇది మీరే. చప్పగా ఉన్న జోకు మీద దీన్ని చల్లితే చాలు. జనం ఇళ్ళల్లో ఒక్కళ్ళే కూర్చుని చూస్తారు కదండీ, పక్కవాడు నవ్వితే గానీ వాళ్ళకు ధైర్యం రాదు. ఆ పక్కవాణ్ణి మేం సరఫరా చేస్తాం."

వెర్నాకు ఊపిరి తిరిగింది. "విన్నావా తల్లీ?" అంది కూతురి భుజం పట్టుకుని. "నేను నత్తి మీద నవ్వలేదు! వీళ్ళు దొంగిలించి అతికించారు! విన్నావా?"

ట్వైలా పెట్టె వైపు చూస్తోంది. నాలుగు రోజుల తరవాత ఆ పిల్ల నోరు కదిలింది.

"మ... మరి... అ... అప్పుడు దే... దేనికి న... నవ్వావమ్మా?"

వెర్నా తడబడింది. "ఏదో జోకుకి. గుర్తులేదు."

"గుర్తులేకపోవడమేంటండీ, మా దగ్గరుందిగా!" అన్నాడు హచిన్స్ ఉత్సాహంగా. ఆవిడకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. అరలోంచి ఓ టేపు చుట్ట తీసి, మిషన్‌కు తగిలించాడు.

గరగరల మధ్య, ఆ పాత కార్యక్రమంలోని ఓ కొట్టు గంట మోగింది. వేరే దేశం నుంచి వచ్చిన ఓ పోలండువాడు కోడి కొనడానికొచ్చాడు. వాడికి కోడి అనే మాట రాదు. "అయ్యా... గుడ్డు... గుడ్డు వాళ్ళమ్మ... ఉన్నదా నీకు?" అన్నాడు వచ్చీరాని భాషలో. కొట్టువాడు, "మా అమ్మ ఊళ్ళో లేదు!" అన్నాడు. స్టూడియో దద్దరిల్లింది. ఆ దద్దరింపు నెత్తిన వెర్నా నవ్వు కీచుమని లేచి, దొర్లి దొర్లి, ఎక్కిలితో ఆగింది. నిక్కమైన నవ్వు. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని నవ్విన నవ్వు. ఎవరూ దొంగిలించింది కాదు, ఎవరూ అతికించింది కాదు.

ట్వైలా తిరుగుతున్న టేపు చుట్టనే చూసింది. తరవాత అంది: "స్కూ... స్కూల్లో నా పక్కన కూ... కూర్చునే హలీనా... వా... వాళ్ళ నాన్న అ... అలాగే మాట్లాడతాడమ్మా."

  వెర్నాకు ఆయన గుర్తొచ్చాడు. ఆ హలీనా తండ్రి కిందటి చలికాలం భోజనశాల తలుపు బిగించడానికి వచ్చాడు. తను ఆయనకు కాఫీ ఇచ్చింది, ఆయన వచ్చీరాని మాటల్లో పదిసార్లు థాంక్స్ చెప్పాడు. ఆయన ఇంట్లోనూ టీవీ ఉండే ఉంటుంది. ఆయన కూతురి ముందు, మంగళవారం సాయంత్రం, ఇదే కీచు.

"ఆ మీట పీకెయ్యి," అంది వెర్నా. 

హచిన్స్ నవ్వు ఆగిపోయింది. "అదొక్కటీ అడక్కండి. మీ మీట పీకితే సగం కార్యక్రమాలు మూగబోతాయి. నేను కాదన్నా పైవాళ్ళు ఒప్పుకోరు. అయినా మీరే కదమ్మా, సంతోషంగా ఇచ్చారు. మీ చేత బలవంతంగా నవ్వించానా?"

 వెర్నా తిట్టడానికి వచ్చింది, తిట్టు తిరిగి తన నోట్లోనే పడింది. కూతురు తన చెయ్యి పట్టుకుంటుందేమో అని తిరుగు బస్సులో చెయ్యి సీటు మీద తెరిచి ఉంచింది. ట్వైలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

చదువరులారా, వేరే ఎవరో మోసం చేస్తే తిట్టి తేలికపడవచ్చు. మోసగాడి సంచిలో మన వస్తువే దొరికితే ఏం చేస్తాం?

మంగళవారం వచ్చింది. పళ్ళేలొచ్చాయి, మాక్సీన్ వచ్చింది, సబ్బువాడి నురగా వచ్చింది. గుమాస్తా ఈసారి పెళ్ళికూతురు ముందు నిలబడ్డాడు. "న... న... నన్ను..." అన్నాడు. పెళ్ళికూతురు వేరేవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయింది. పెట్టె కీచుమంది.

"అదిగో మళ్ళీ నువ్వే!" అంటూ మాక్సీన్ కళ్ళు తుడుచుకుంది. "అబ్బ, ఏం నవ్వే తల్లీ!"

వెర్నా లేచి వెళ్ళి టీవీ కట్టేసింది.

"ఏమైందే? ఇప్పుడేగా మొదలైంది!" అన్నాడు రాస్కో.

"మాక్సీన్, నువ్వు నవ్విన మాట మా ట్వైలా రోజూ మాట్లాడే మాట," అంది వెర్నా. "అది నీ పక్కనే కూర్చుని ఉంది. చూడు."

మాక్సీన్ మొహం మాడిపోయింది. "అయ్యో, నేను పిల్లని అన్లేదమ్మా. అందరూ నవ్వుతుంటే... నువ్వే నవ్వావు గనక నేనూ..."

"అదే. నేను నవ్వాను గనక నువ్వు నవ్వావు. పోయినేడు నేను ఓ పరాయి దేశంవాడి మాట మీద పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వే తిరిగి తిరిగి నా ఇంటికొచ్చింది."

రాస్కో తల వంచుకున్నాడు. ట్వైలా తల్లి వైపు చూసింది. ఆ చూపులో క్షమ ఉందో లేదో వెర్నాకు తెలియలేదు.

"ఆ... ఆ పెట్టెలోంచి తీ... తీసెయ్యరా, అమ్మా?"

"తియ్యరు. నేను చచ్చాక కూడా అది నవ్వుతూనే ఉంటుంది," అంది వెర్నా. కూతురితో అబద్ధం ఆడటం ఇక ఆమె వల్ల కాదు. "రేపు హలీనా వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పుకుంటాను. ఆయన నన్ను గుమ్మంలోంచే పంపేసినా పంపెయ్యనీ. కానీ మాక్సీన్, రాస్కో, మీ ఇద్దరికీ ఇప్పుడే చెబుతున్నాను. సాటి మనిషి లోటు మీద నవ్వకండి. నోరు దాటిన నవ్వు ఇక మనది కాదు. అది రేపు ఎవరి బిడ్డను ఏడిపించాలో చెప్పేది మనం కాదు."