పలికిందే తీర్మానం

పదకొండేళ్లు ఆయన నోరు నేనే కడిగాను.

నగర సభలో సభ్యులు మాట్లాడింది మాట్లాడినట్టు షార్ట్‌హ్యాండ్‌లో పట్టుకుని, టైపు చేసి, రికార్డు పుస్తకానికి ఎక్కించడం నా ఉద్యోగం. కాగితం మీద ఉన్న ఉద్యోగం అది. అసలు ఉద్యోగం వేరు. సభ్యుడి నోట బూతు వస్తే తీసెయ్యాలి. లక్షల్ని కోట్లని పలికితే, బల్ల మీద పెట్టిన కాగితం చూసి సరిచెయ్యాలి. మా గదిలో దీన్ని దిద్దుడు అంటారు. ఏ నిబంధనల పుస్తకంలోనూ ఈ మాట లేదు. నాకు ముందు పనిచేసిన స్టెనో దిద్దింది, నేనూ దిద్దాను. ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి ఉపన్యాసాలు పుస్తకంలోకి పోతాయి, చొక్కా లోపల మనిషి ఎలాంటివాడో ఎవడికీ తెలియదు.

అందరికంటే ఎక్కువ దిద్దించుకున్నది ఆర్థిక సంఘం పెద్ద. నోరు తెరిస్తే పొదుపు అంటాడు కాబట్టి ఊరంతా ఆయన్ని పొదుపాయన అనేది. కాగితం చూడకుండా మాట్లాడటం ఆయనకి గొప్ప. అంకెలన్నీ నాలిక మీదే ఉన్నాయంటాడు. నాలిక మీద ఉన్నవి ఏ వరసలో ఉన్నాయో ఆయనకీ తెలియదు, నాకు తెలుసు.

ఆ రోజు ఆయన తీర్మానంలో రెండే ముక్కలు. ఊరి బయట వెలిసిన పెద్ద గోదాములకు పన్ను మినహాయింపు గడువు అయిపోతోంది, దాన్ని మరో ఐదేళ్లు పొడిగించడం ఒకటి. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే నర్సుల విభాగాన్ని రద్దు చేయడం రెండోది. ఆ విభాగంలో పదకొండు మంది నర్సులు. అందులో ఒకతె నా చెల్లెలు.

"నగరం నెత్తి మీద అప్పుంది," అన్నాడు పొదుపాయన. "మీ ఇంట్లో అప్పుంటే ఏం చేస్తారు? ఖర్చు తగ్గించుకుంటారు. పన్ను వేస్తే గోదాములవాళ్లు పక్క ఊరికి పోతారు. రేపు మన పిల్లలకి పని ఎవడిస్తాడు? పంతులుగారు ఇస్తారా?"

ఎదుటి పక్షం నాయకుడు రిటైరైన బడి పంతులు. లేచాడు.

"అప్పెందుకు చేశామో కూడా చెప్పండయ్యా. వాళ్ల లారీలు పోవడానికి ఆరు వరసల రోడ్డు వేశాం. రోడ్డేమో వాళ్లకి, అప్పేమో మనకి, పన్ను మాత్రం మాఫీనా? ఇంట్లో అప్పుంటే అన్నారు. ఏ ఇంట్లోనైనా అప్పు తీర్చడానికి అమ్మ మందులు ఆపుతారా?"

"పంతులుగారూ, ఇది క్లాసు కాదు. బెత్తం కింద పెట్టండి."

"బెత్తం పట్టుకుని ఉంటే మీకీపాటికి లెక్కలొచ్చేవి!"

రెండు వైపులా నవ్వారు. నవ్వు వింటే పొదుపాయనకి పూనకం. గొంతు పెంచాడు.

"అయినా ఆ నర్సులు చేసే ఘనకార్యం ఏంటండీ? ఇంటింటికీ తిరిగి టీలు తాగి, ఊసులు చెప్పుకొని వస్తారు. జీతాలిచ్చి మరీ చుట్టాల్ని మేపుతున్నాం!"

సభ విరగబడి నవ్వింది. నా పెన్సిల్ మాత్రం నడుస్తూనే ఉంది. ఈయన తల్లి చనిపోయేముందు ఎనిమిది నెలలు మంచాన పడింది. నడుం కింద అరచేయంత పుండు. కోడళ్లు ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడితే, ఆ పుండు రోజూ కడిగింది నా చెల్లెలు. ఆ ఇంట్లో ఒక్కనాడు టీ తాగలేదు. ఇచ్చినవాళ్లు లేరు గనక.

ఆ నవ్వు ఊపులోనే ఆయన తీర్మానం చదివాడు. చదవడం అంటే తెలుసుగా, కాగితం బల్ల మీదుంది, కళ్లు పైన జనం కూర్చునే గ్యాలరీ మీదున్నాయి. "కాబట్టి అధ్యక్షా, గోదాముల పన్ను మినహాయింపును ఈ ఏడాది నుంచి రద్దు చేయాలనీ, ఇంటింటి నర్సుల విభాగాన్ని మరో ఐదేళ్లు పొడిగించాలనీ తీర్మానం ప్రవేశపెడుతున్నాను."

తిరగేసి చదివాడు!

తలెత్తి చూశాను. ఎవడి ముఖంలోనూ ఏమీ లేదు. ఒకడు చెవి గోక్కుంటున్నాడు. అందరి ముందూ అచ్చువేసిన కాగితం ఉంది, కాగితం ఉంటే చెవులకి సెలవు. అధ్యక్షుడు ఆవులింత మింగుతూ, "అనుకూలమైనవారు?" అన్నాడు. ముప్పై ఒక్క గొంతులు "అవును" అన్నాయి. "వ్యతిరేకులు?" అంటే పంతులు, ఆయన వెనక పన్నెండు మందీ బల్లలు గుద్ది మరీ "కాదు, కాదు" అని అరిచారు. నర్సుల కోసం గొంతు చించుకుంటున్న మనుషులు నర్సులకి వ్యతిరేకంగా ఓటేశారు. పాఠం చెప్పడం అలవాటైనవాడికి వినడం అలవాటుండదు కాబోలు.

"తీర్మానం నెగ్గింది," అన్నాడు అధ్యక్షుడు. ఆయన కుర్చీ వెనక ఒక ఇత్తడి పలక ఉంది: సభలో పలికిందే తీర్మానం. ఒకప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు కాగితాలు మార్చేస్తున్నారని గొడవ చేసి, అచ్చు కాగితానికి విలువ లేదు, పలికిన మాటే చెల్లుతుందని నిబంధన తెచ్చిన మనిషి ఎవరో కాదు, ఈ పొదుపాయనే.

గదికి వెళ్లి టైపు మిషన్ ముందు కూర్చున్నాను. అలవాటు ప్రకారం వేళ్లు దిద్దుడుకే పోయాయి. ముందు తీర్మానమే దిద్దుదామని, గోదాముల పక్కన 'పొడిగించాలనీ' కొట్టబోయి ఆగాను. అప్పుడు ఆ నవ్వు మళ్లీ చెవుల్లో పడింది. సరే నాయనా, నీ మాట నీదే అనుకుని, కొత్త కాగితం ఎక్కించి మొదటి నుంచీ మొదలుపెట్టాను. టీలు తాగి, అని కొట్టాను. చుట్టాల్ని మేపుతున్నాం, అని కొట్టాను. బ్రాకెట్లో 'సభ్యుల నవ్వు' అని కొట్టాను. రద్దు చేయాలనీ. పొడిగించాలనీ. ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మా సెక్షన్ పెద్ద ముసలాయన. ఏడు నెలల్లో రిటైరవుతాడు. ప్రతి పేజీ చదివి కింద పొట్టి సంతకం పెట్టాలి. చదువుతూ చదువుతూ ఆగి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు.

"ఆయన ఇలాగే అన్నాడంటావా?"

"టేపుంది సార్. వినిపించమంటారా?"

"వద్దులేమ్మా. నాకు చెవిలో హోరు." సంతకం పెట్టేశాడు. పెట్టి, పెదవులు బిగించి నవ్వాపుకున్నాడు.

నిబంధన ఇది. మాట్లాడిన సభ్యుడికి కాపీ పంపాలి. తప్పులుంటే మూడు పనిదినాల్లో రాసి ఇవ్వాలి. ఆ గడువు దాటితే పుస్తకం కట్టేస్తారు, ఇక దేవుడొచ్చినా మారదు. పొదుపాయన కాపీ మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది, 'సరిగా ఉంది' అని సంతకంతో. పేజీ మడతే విప్పలేదు.

ఇంటికెళ్లేసరికి చెల్లెలు నర్సు సంచీ బోర్లించి, ఆఫీసుకి అప్పజెప్పాల్సిన కత్తెరలు, పటకార్లు గుడ్డ మీద పేరుస్తోంది. జరిగింది చెప్పాను. చేతిలో కత్తెర గుడ్డ మీద పడేసింది.

"నీకేమైనా మతి పోయిందా అక్కా? ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడితే ఊడనీ."

"ఇంతకీ ఇది నా ఉద్యోగం కోసం చేశావా, నీ కసి కోసం చేశావా?"

"ముందు కసి. నీ ఉద్యోగం తర్వాత."

"అబద్ధమైనా ఆడవేంటే నువ్వు?" అంది. కాసేపటికి కత్తెరలు మళ్లీ సంచీలో సర్దడం మొదలుపెట్టింది. వంచిన తల ఎత్తకుండా అడిగింది, "గడువు ఎప్పటికి?"

"ఎల్లుండి సాయంత్రం ఐదింటికి."

ఆ ఎల్లుండి నాలుగున్నరకి తలుపు తోసుకుని పొదుపాయనే వచ్చాడు. ఆయన ఏదో పాత ఫైలు కోసం వచ్చాడట. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, మొన్న నా స్పీచ్ ఎలా ఉంది?"

"మీరు మాట్లాడినట్టే ఉంది సార్."

"బాగా దిద్దావా?"

"ఈసారి ఒక్క అక్షరం దిద్దలేదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా! ఇన్నేళ్లకి నాకూ వచ్చేసింది!" అని తొడ చరుచుకున్నాడు. నేను గడియారం వైపు చూడకుండా ఉండటానికి పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను. ఇంకొంచెం ఆగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఎందుకంటే నిజంగా సంతోషపడ్డాడు మనిషి. కానీ లేస్తూ లేస్తూ అన్నాడు: "మీ చెల్లెలెవరో ఆ నర్సుల్లో ఉందటగా? ఏదైనా బట్టల షాపులో చెప్పి పెట్టిస్తాలే. నిలబడే పనేగా!"

ఐదింటికి పుస్తకం కట్టేశాను. దారం నేనే బిగించాను.

వారం తిరగకుండా గోదాములకు పన్ను నోటీసులు పోయాయి. పెద్ద గోదాము పొదుపాయన వియ్యంకుడిది. ఆ మధ్యాహ్నం మా గది తలుపు గోడకి కొట్టుకుంది.

"ఏయ్! నన్ను ముంచేశావు కదే!"

"ఇన్నాళ్లూ తేల్చింది కూడా నేనే సార్."

మర్నాడు నాకు మెమో. రికార్డును దిద్దకుండా విధుల్లో నిర్లక్ష్యం ఎందుకు చూపారో తెలపాలట. ఒక్క వాక్యంలో జవాబిచ్చాను: 'దిద్దమని చెప్పే నిబంధన సంఖ్య తెలియజేయగలరు.' ఆ సంఖ్య కోసం నిబంధనల పుస్తకాలన్నీ దులిపారని విన్నాను. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు.

ఇక ఆయనకి ఒకటే దారి. సభలో లేచి, అందరి ముందూ, గోదాములకి పన్ను తీసెయ్యండి, నర్సుల్ని తీసెయ్యండి అని మళ్లీ నోటితో పలకాలి. ఈసారి అందరూ వింటారు.

ఆ రోజు గ్యాలరీ కిటకిటలాడింది. పదకొండు మంది నర్సులు యూనిఫాంలో వచ్చారు. రోగుల ఇళ్లవాళ్లు మెట్ల మీద కూడా కూర్చున్నారు. పొదుపాయన తీర్మానం చదవగానే పంతులు లేచాడు. ఈసారి బాగా తయారై వచ్చాడు.

"అధ్యక్షా, పాత తీర్మానం మార్చాలంటే, పాత చర్చ ఏంటో సభకి గుర్తుచెయ్యాలి. రికార్డు చదివించండి."

అధ్యక్షుడికి తప్పలేదు. నా వైపు చెయ్యి ఊపాడు.

ఆ సభలో నా గొంతు వినపడటం అదే మొదటిసారి. లేచి నిలబడి చదివాను. తొందరపడలేదు. ఇంటింటికీ తిరిగి టీలు తాగి, ఊసులు చెప్పుకొని వస్తారు. జీతాలిచ్చి మరీ చుట్టాల్ని మేపుతున్నాం. "బ్రాకెట్లో," అన్నాను గొంతు కొంచెం పెంచి, "సభ్యుల నవ్వు."

"ఎవడ్రా నవ్వింది?" గ్యాలరీలోంచి ఒక ముసలామె లేచింది. "నా మొగుడి కాలు కుళ్లిపోతుంటే కడిగింది ఆ పిల్ల! నవ్వినోడు లేచి నిలబడండి!"

అధ్యక్షుడు గంట మోగించాడు. ఎవడూ గంట వినలేదు. సభ్యులు ముఖాలు బల్లల్లో దూర్చారు. ఓటు వేళకి పంతులు పేరుపేరునా లెక్కించాలన్నాడు. అనుకూలమైనవాళ్లు లేచి నిలబడాలనీ, ఎవరు లేచారో పుస్తకంలోకి ఎక్కాలనీ అన్నాడు. పేరు అనేసరికి వీరులందరికీ మోకాళ్ల నొప్పులొచ్చాయి. పొదుపాయన పక్షంలో ముప్పై ఒక్కమందికి తొమ్మిది మందే లేచారు. లేచినవాళ్లలో ఇద్దరు గ్యాలరీ చూసి మళ్లీ కూలబడ్డారు. తీర్మానం ఓడింది. నర్సులు నిలిచారు, పన్ను నిలిచింది.

పొదుపాయన మాత్రం కూర్చోలేదు. "మీరేమైనా వివరణ ఇస్తారా?" అన్నాడు అధ్యక్షుడు. ఆయన మైకు పట్టుకున్నాడు. గ్యాలరీ వైపు కాదు, పంతులు వైపు కాదు, నా వైపు చూశాడు.

"నేను... అసలు... నర్సుల విషయంలో నా ఉద్దేశం..."

నేను రాసుకున్నాను. రాసి, పెన్సిల్ ఎత్తి పట్టుకుని, ఆయన కళ్లలోకే చూస్తూ ఎదురుచూశాను. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. పైన చెల్లెలు రెయిలింగ్ మీదకి వంగి నన్నే చూస్తోంది, ఇక చాలన్నట్టు తల ఊపుతోంది.

చాలదు. ఆయన కూర్చునేదాకా పెన్సిల్ దించలేదు.